వేరే లోపం లేదు

తనిఖీ మేస్త్రీలు కబురు పెట్టి రారు. మంగళవారం పొద్దున్నే, పక్కింటి రొట్టెల పొయ్యి ఇంకా చల్లారకముందే, బల్తసార్ మేస్త్రీ గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు. ఆయన టోపీ తీశాడంటే ఎవరికో మూడిందని మా తొలేదో వడ్రంగుల వీధిలో అందరికీ తెలుసు.

మెన్సియా అప్పుడు కన్యస్త్రీల మఠంవాళ్ళ పాత విహువేలాకు, వీణలా ఒళ్ళో పెట్టుకుని మీటే తంతివాయిద్యానికి, మెట్లు కడుతోంది. గొర్రెపేగు తీగను దండి చుట్టూ తిప్పి, వెనక ముడేసి, తంతి మీటి వింటూ, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుకుంటూ పోవాలి. నాలుగో మెట్టు ముడి సగంలో ఉంది. వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది గనక ఆమె లేవలేదు. తీగ కొసను పళ్ళతో పట్టుకుని, తల వంచి నమస్కారం అనిపించింది.

"కానీ వదినా, కానీ. పని ఆపకు. మేం మా పని చూసుకుంటాం," అన్నాడు బల్తసార్.

మేం అంటే ఆయనా, ఆయన వెనక గోడ పట్టుకుని మెట్టెక్కుతున్న ఫ్రూతోస్ మేస్త్రీ. ఫ్రూతోస్‌కు డెబ్బై దాటాయి, చెవులు సగం పోయాయి. వాయిద్యం పలుకు చూడాలంటే గడ్డం దాని అంచుకు ఆనించి, తంతి మీటి, ఎముకతో వింటాడు. మేస్త్రీల సంఘంలో కుర్రవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు గానీ, ఆ గడ్డం ఇంతవరకు తప్పు చెప్పలేదు.

మెన్సియా మొగుడు హినేస్ మేస్త్రీ పోయి పదకొండు నెలలైంది. మేస్త్రీ పోతే అతని భార్య ఏడాది మీద ఒకరోజు వరకు కొట్టు తెరిచి ఉంచవచ్చు. ఆయన చేసిపెట్టినవి అమ్మవచ్చు, మొదలుపెట్టి వదిలినవి పనివాడి చేత పూర్తి చేయించవచ్చు. కొత్తది మాత్రం మొదలుపెట్టకూడదు. ఇది సంఘం కట్టుబాటు. ఈలోగా కొట్టులో పనివాడు తొమే పరీక్ష నెగ్గి మేస్త్రీ అయితే కొట్టు అతని పేర నిలుస్తుంది. మెన్సియా ఎప్పటిలాగే లోపలి బల్ల దగ్గర కూచుని పని చేసుకోవచ్చు. పరీక్ష వచ్చే సోమవారం, పునీత లూకా పండుగనాడు. ఇంకా ఆరు రోజులు. నెల్లాళ్ళుగా ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.

గోడకు నాలుగు విహువేలాలు వేలాడుతున్నాయి. బల్తసార్ ఒక్కొక్కటీ దింపి, వేలి కణుపుతో తట్టి, బిరడలు తిప్పి, వెనక చూసి మళ్ళీ తగిలించాడు. మూడూ అయ్యాయి. నాలుగోది పెద్ద చర్చిలో పాటలు చూసుకునే గురువు ఒకాయన చెప్పి చేయించుకుంటున్నది. వెనకపలక అంతా అక్రోటు చెక్క ముక్కలు ముదురూ లేతా కలిపి అతికిన పని. దాన్ని ఆయన దింపి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

"వార్నీషు వాసన ఘుమఘుమలాడిపోతోంది. హినేస్ పోయి ఏడాది కావస్తోంది, ఆయన పూసిన వార్నీషు ఇంకా ఆరలేదా?"

మెన్సియా ముడి బిగించి, తీగ కొరికేసింది. "మొదలుపెట్టింది ఆయనే. పూర్తయింది ఈమధ్య. కట్టుబాటులో ఉన్నదేగా మేస్త్రీ గారూ."

"ఉంది, ఎందుకు లేదూ! మొదలెక్కడ, ముగింపెక్కడ అని చూడ్డానికే నన్ను పెట్టింది." ఆయన మొలలోంచి సన్నపు కత్తి తీశాడు.

విహువేలా ముందుపలకలో నాదం బయటికొచ్చే గుండ్రటి రంధ్రానికి తోలుపువ్వు అమరుస్తారు. పలచటి తోలును పొరలు పొరలుగా, జల్లెడలా కోసి పేర్చిన పువ్వు. ఈ పువ్వుకు మెన్సియాకు తొమ్మిది రోజులు పట్టింది. తనిఖీ మేస్త్రీకి అనుమానమొస్తే దాన్ని లేపి లోపల చూసే హక్కుంది. కానీ హినేస్ వాయిద్యాల పువ్వు ముప్పై ఏళ్ళలో ఎవరూ లేపలేదు. ఆ ధైర్యంతోనే ఆమె ఉండిపోయింది.

"కాస్త తడిపి తీయండి మేస్త్రీ గారూ, ఎండు తోలు చిరుగుతుంది."

"చిరిగితే మళ్ళీ చేయించుకో. తొమే ఉన్నాడుగా, దుక్కలా."

పువ్వు అడ్డంగా చిరిగింది. ఫ్రూతోస్ కిందికి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ తొమే చేతిలో చిత్రిక అలాగే ఉండిపోయింది. బల్తసార్ కొవ్వొత్తి ముక్క వెలిగించి, పుల్లకు కట్టిన అద్దం లోపలికి దించాడు. లోపలి అతుకుల మీద కాగితం పట్టీలు అంటించడం అందరూ చేసేదే. చెల్లిపోయిన దస్తావేజులో, పాత పాటల పుస్తకాలో ముక్కలు చేసి అంటిస్తారు. వాటి మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవరు. బల్తసార్ చదివాడు. పెదవులు కదుపుతూ, ఒకటికి రెండుసార్లు చదివాడు.

"'కీర్తిశేషుడైన హినేస్ బరహోనా ఆత్మకు'," అని పైకే అన్నాడు. "విన్నారా ఫ్రూతోస్ మేస్త్రీ? కీర్తిశేషుడైన! పోయినవాళ్ళ పేర కొనే పాపపరిహార పత్రం ఇది. అంటించింది వెనకపలక నడిమి అతుకు మీద. అన్నిటికంటే ముందు పడే పట్టీ. అంటే మన హినేస్ తన పాపాలకు తనే పరిహారం అంటించుకుని ఈ పని మొదలుపెట్టాడన్నమాట. పాపం, పనిమంతుడు! పాతిపెట్టినా ఊరుకోలేదు."

ఆయన వాయిద్యం వెనక్కి తిప్పాడు. దండి మొదట్లో హినేస్ ముద్ర కాల్చి వేసి ఉంది, చిన్న చేప గుర్తు. "పోయినవాడి ముద్ర, కొత్త పని మీద! గురువారం పూజ అయ్యాక సంఘం గదికి రా వదినా. ఇదీ, ముద్ర ఇనుమూ నా దగ్గరుంటాయి."

వెళ్తూ మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

ఆ పత్రం తపస్సుకాలంలో కొన్నది. అలాంటిది పోయినవాళ్ళ గుండెల మీద పెట్టి పంపడం మా వాళ్ళ అలవాటు. పత్రాలు అమ్మేవాళ్ళు ఊళ్ళోకి వచ్చేసరికి హినేస్ మట్టిలో కలిసి నాలుగు నెలలు. ఆలస్యంగా వచ్చిన కాగితాన్ని ఎక్కడ పెట్టాలో మెన్సియాకు తోచలేదు. పెట్టెలో వారం రోజులు పెట్టింది, మనసొప్పలేదు. వెనకపలక రెండు సగాలూ అతికినరోజు పేరున్న వరుస ఒక్కటీ కత్తిరించి, జిగురు పూసి, ఆయన ఎప్పుడూ మొదటి పట్టీ వేసే చోట వేసింది. వేశాక మనసు కుదుటపడింది. అది తన మీద తానే రాసుకున్న ఫిర్యాదని అప్పుడు తట్టలేదు. ఆ గదిలో ఆయన లేకుండా చేసిన మొదటి పని అది. తట్టాల్సినవేవీ ఆ రోజుల్లో తట్టేవి కావు.

బుధవారం మధ్యాహ్నం శనగలూ పాలకూరా ఉడికించి ఇద్దరికీ వడ్డించింది. తొమే చెంచా గిన్నెలో తిప్పుతున్నాడు గానీ నోట్లో పెట్టడం లేదు. ముప్పై ఏళ్ళ మనిషి. పదేళ్ళుగా ఈ ఇంట్లో పని చేస్తున్నాడు. మాట తక్కువ, చేతి పని శుభ్రం.

"బల్తసార్ మేస్త్రీ నన్ను పిలిపించాడమ్మగారూ," అన్నాడు చివరికి.

"ఏమన్నాడు?"

"నేనే చేశానని ఒప్పుకోమన్నాడు. నువ్వు కాక ఇంకెవరు చేస్తారన్నాడు."

"ఒప్పుకుంటే?"

"దొంగ ముద్ర వేసిన పనివాడికి జన్మలో పరీక్ష లేదు. సోమవారం ఆయన మేనల్లుడు ఒక్కడే కూచుంటాడు. ఈ కొట్టూ, ఈ చెక్కలూ..." తొమే అటక మీద పన్నెండేళ్ళుగా ఆరుతున్న దేవదారు పలకల వంక చూసి ఆగిపోయాడు. "మీకు మాత్రం ఏమీ కాదట. మూడు వారాలు ముందుగా తలుపు మూసుకుంటారు, అంతే."

"నువ్వేమన్నావు?"

"మీరెలా చెప్పమంటే అలా చెప్తాను."

తల ఎత్తకుండా అన్నాడు. వద్దనమని మెడ ఒంపంతా బతిమాలుతోంది. మెన్సియాకు అతని మీద జాలేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. పదేళ్ళు పక్కపక్కన కూచుని పని చేశారు. ఈమె చేస్తుందని ఈ వీధిలో తెలిసినవాడు అతనొక్కడే. ఆ ఒక్క మాట అతని నోటి నుంచి రావడం లేదు.

"తిను, చల్లారిపోతోంది," అంది. "పరీక్షకు ఉలులు నూరుకున్నావా?"

గురువారం సంఘం గదిలో ఇరవై మందిదాకా పోగయ్యారు. పునీత యోసేపు చర్చి పక్కన, పందిరి సామాన్లు దాచుకునే గది. మామూలు సమావేశానికి ఆరుగురు వస్తే గొప్ప. ఆడమనిషిని నిలబెడుతున్నారంటే అందరికీ తీరిక దొరికింది. బల్ల మీద విహువేలా వెల్లకిలా పెట్టి ఉంది, చిరిగిన పువ్వు లోపలికి వేలాడుతోంది. గుమాస్తా కట్టుబాట్ల పుస్తకం తెరిచి చదివాడు. "దొంగ ముద్ర గల వాయిద్యాన్ని, చేసినవాడే తన చేతులతో సంఘం ఎదుట విరగ్గొట్టవలెను. వాని పేరు, వాని తప్పు, ఇద్దరు తనిఖీ మేస్త్రీల సంతకములతో పుస్తకమున ఎక్కించవలెను. వాడు ఈ పట్టణమున కొట్టు తెరవరాదు."

"తొమే, ఇలా రా," అన్నాడు బల్తసార్, కొయ్యసుత్తి అతనివైపు తోస్తూ. "తొందరగా కానిచ్చేస్తే అందరం పనుల్లోకి పోతాం."

తొమే లేచాడు. లేచి నిలబడ్డాడు, అంతే. చెవులు ఎర్రగా అయిపోయాయి.

"అది అతను చేసింది కాదు. నేను చేశాను," అంది మెన్సియా.

గది గొల్లుమంది.

"ఏం చేశావు వదినా, జిగురు కలిపావా?" అని వెనకనుంచి ఎవరో. "పనివాళ్ళకు పులుసు వండానంటోందిరా!" అని ఇంకొకడు. బల్తసార్ కూడా నవ్వాడు, పెద్దమనిషిలా, చేత్తో వాళ్ళను వారిస్తూ. "పనివాణ్ని కాపాడుకోవాలని ఉంటుంది. మంచి మనసే. కానీ ఇక్కడ ప్రమాణం మీద చెప్పాలమ్మా. ఆడది విహువేలా చేసిందని చెప్తే పుస్తకంలో ఎలా రాయను? మా మనవలు చదివి నవ్వుకోరూ?"

"రాయించుకోవడం మీ ఇష్టం. చేసింది నేను."

ఫ్రూతోస్ అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. "ఏమంటోంది?"

"తనే చేశానంటోంది!" అని ఆయన చెవిలో అరిచాడు గుమాస్తా.

ముసలాయన కాసేపు ఆమె చేతులకేసి చూశాడు. "అమ్మాయ్. చేసినవాళ్ళకు తప్ప తెలియనిది ఏదైనా ఉంటుంది. లోపల, కంటికి కనపడని చోట. చెప్పు."

మెన్సియా ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది. "ముందుపలక లోపలి వైపు, కింది అడ్డబద్దకూ అంచుకూ మధ్య, ఎడమ పక్క. చిత్రిక పడుతుంటే చిన్న ముడి ఊడొచ్చింది. సైప్రస్ చెక్క ముక్కతో అతుకేశాను. వెల్లుల్లి రెబ్బంత, అదే ఆకారం. పలక రేఖకు అడ్డంగా వేశాను, మళ్ళీ చీలకుండా. ఆ రోజు తొమే లేడు, చెల్లెలి పెళ్ళికి ఒకాన్యా వెళ్ళాడు. అతనికి తెలియదు."

"తెలుసా నీకు?" అని ఫ్రూతోస్ తొమేను అడిగాడు.

తొమే తల అడ్డంగా ఊపాడు. గదిలోకి వచ్చాక అతను చెప్పిన మొదటి నిజం అది.

"అద్దం పెట్టి చూద్దాం అయితే," అన్నాడు బల్తసార్.

"అద్దానికి అందదు. బద్ద అడ్డం," అంది మెన్సియా. "విరగ్గొడితే కనపడుతుంది."

సుత్తి తనే తీసుకుంది. ఎక్కడ కొడితే ఎలా విచ్చుకుంటుందో ఆమెకు తెలుసు. పక్కబద్దలను వేడి ఇనుము మీద వంచింది ఆ చేతులే. తంతులు కట్టే గుర్రం కింద ఒక్క దెబ్బ వేసింది. తంతులన్నీ ఒక్కసారి మూలిగి వదులైపోయాయి. రెండో దెబ్బకు ముందుపలక నిలువునా చీలింది. ఏడవకూడదని వచ్చింది గానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు, తుడుచుకోవడానికి చేతులూ ఖాళీగా లేవు. మూడో దెబ్బకు ఎడమవైపు చెక్క ఊడి బల్ల మీద బోర్లా పడింది. ఎవరూ నవ్వడం లేదు.

ఫ్రూతోస్ ఆ చెక్క తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. బొటనవేలితో తడిమాడు. వెల్లుల్లి రెబ్బ ఆకారం, రేఖకు అడ్డంగా. చెక్క చేతులు మారి గదంతా తిరిగింది. పట్టుకున్న ప్రతివాడూ బొటనవేలితో ఆ అతుకు మీద రాసి చూశాడు. ఒక్కడి గోరుకు కూడా అతుకు అంచు తగల్లేదు.

"సరే," అన్నాడు బల్తసార్. ఆయన ముఖం పుల్లగా అయింది గానీ, తొందరగానే సర్దుకుంది. దొంగ ముద్ర పట్టుబడిన కొట్టు ఎవరి పేరా నిలవదు, ఎలాగూ మూతపడుతుంది. "రాయవయ్యా. హినేస్ బరహోనా కొట్టులో ఒక వ్యక్తి..."

"ఒక వ్యక్తి ఏమిటి?" ఫ్రూతోస్‌కు ఇది మాత్రం బాగానే వినపడింది. "వ్యక్తి కొట్టు తెరవకూడదని రాస్తే రేపటినుంచి ఊళ్ళో ఎవడూ కొట్టు తెరవకూడదు. పేరు రాయి."

గుమాస్తా బల్తసార్ వైపు చూశాడు. బల్తసార్ చెయ్యి ఊపాడు.

"మెన్సియా దె ఓర్గాస్, హినేస్ బరహోనా భార్య," అని గుమాస్తా పలుకుతూ రాశాడు. "తన చేతులతో చేసిన ఆరు జతల తంతుల పెద్ద విహువేలా, ముక్కల పనితనము గలది... తప్పు?"

"దొంగ ముద్ర," అన్నాడు బల్తసార్.

"ఇంకా?" అన్నాడు ఫ్రూతోస్. "తనిఖీలో కనపడ్డ లోపాలన్నీ రాయాలి. కట్టుబాటు. అతుకులు వదులా? దండి వంకరా? మెట్లు అపశ్రుతా? మంగళవారం నేను గడ్డం పెట్టే లోపు నువ్వు పువ్వు చింపేశావు. నిన్న మీ ఇంటికొచ్చి పెట్టాను. నాకేం కనపడలేదు. నీకేమైనా కనపడితే చెప్పు, సంతకం పెడతాను."

బల్తసార్ బల్ల మీది ముక్కలకేసి చూశాడు. లోపముందంటే చూపించాలి. చూపించడానికి ఇరవై జతల కళ్ళ ఎదుట ఆ అతుకులే ఉన్నాయి.

"వేరే లోపం లేదు," అన్నాడు. "రాసి పారెయ్."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. చేప గుర్తు ఇనుమును బల్తసార్ అక్కడే ఆకురాయితో అరగదీశాడు. చేప తల పోయింది, తర్వాత తోక పోయింది. మెన్సియా అదీ నిలబడి చూసింది. తర్వాత గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఆ పేజీ నకలు కావాలంది. శిక్షపడ్డవాళ్ళకు నకలు అడిగే హక్కుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు, అంతే.

"ఎందుకు వదినా, దిండు కింద పెట్టుకుంటావా?" అన్నాడు బల్తసార్.

"కాగితం పట్టీలు అయిపోయాయి మేస్త్రీ గారూ."

ఈసారి గది నవ్వింది ఆయన్ను చూసి.

శుక్రవారం కొట్టు బోర్డు దింపేశారు. శనివారం పొద్దున మెన్సియా మఠంవాళ్ళ పాత విహువేలాను గుడ్డలో చుట్టి, తొమే చేత పట్టించుకుని కొండ వీధి ఎక్కింది. దారంతా తొమే ఏదో అనబోయి మింగేస్తున్నాడు. మఠం తలుపు దగ్గర ఇక మింగలేకపోయాడు.

"అమ్మగారూ, గురువారం నేను నోరు తెరవాల్సింది."

"తెరవాల్సింది," అంది మెన్సియా. ఆ మాటను మెత్తబరచాలని ఆమెకు అనిపించలేదు. "సోమవారం పక్కబద్దలు వంచేటప్పుడు తొందరపడకు. నీకు అక్కడే తొందర," అంది.

మఠం గోడలో తిరుగుడు పెట్టె ఉంది. ఇవతల సరుకు పెట్టి తిప్పితే అవతల కన్యస్త్రీలు అందుకుంటారు. మనిషికి మనిషి కనపడరు. మెన్సియా విహువేలా పెట్టి తిప్పింది. లోపల ఎవరో ఒక్కొక్క మెట్టు మీదా వేలు పెట్టి మీటుతూ పైదాకా వెళ్ళారు.

"నాలుగో మెట్టు ఈసారి భలే కుదిరింది," అంది లోపలి గొంతు. మఠంలో పాటలు నేర్పే పెద్ద కన్యస్త్రీ, ఎల్విరా తల్లి. "హినేస్ మేస్త్రీ పోయాక ఎవరు కడతారా అనుకున్నాను. తొమేనా?"

"కాదు తల్లీ. ఎప్పుడూ నేనే."

"మీ కొట్టు మూసేశారని విన్నాం. విహువేలా విరగ్గొట్టించారట. అంత తప్పు పని ఏం చేశావమ్మా?"

మెన్సియా నకలు కాగితం పెట్టెలో పెట్టి తిప్పింది. ఎల్విరా తల్లి చదవడం మొదలుపెట్టింది. మొదట గబగబా, తర్వాత మెల్లగా. చివరి వరుస రెండుసార్లు చదివింది.

"నలభై ఏళ్ళుగా ఈ సంఘంవాళ్ళ దగ్గరే వాయిద్యాలు కొంటున్నాం. ఏ మేస్త్రీ గురించైనా 'వేరే లోపం లేదు' అని వాళ్ళు రాసి, సంతకం పెట్టి ఇవ్వగా నేను చూడలేదు. ఇది శిక్షా, యోగ్యతా పత్రమా?"

మెన్సియా ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు. గోడకు ఆనుకుంది.

"కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరున్నారు, గొంతులు బాగున్నాయి, చేతికి వాయిద్యం లేదు," అంది లోపలి గొంతు. "పట్టణంలో కొట్టు తెరవకూడదన్నారు. తెరవకు. బట్టలుతికే సావడి పక్క గది ఖాళీగా ఉంది, వెలుతురు బాగా వస్తుంది. మా గోడల లోపలికి ఏ తనిఖీ మేస్త్రీ రాలేడు, బిషపుగారి ఉత్తరం ఉంటే తప్ప. చెక్కలున్నాయా నీ దగ్గర?"

"పన్నెండేళ్ళు ఆరినవి ఉన్నాయి తల్లీ."

"అవి ఎవరి కన్నూ పడకముందే పట్రా మరి."

పునీత లూకా పండుగ సాయంత్రం తొమే చెక్కలు మోసుకొచ్చాడు. పరీక్ష నెగ్గాడు. కొత్త మేస్త్రీ టోపీ పెట్టుకుని మరీ మోసుకొచ్చాడు. చివరి మోపు దింపి, టోపీ తీసి, "అమ్మగారూ" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. బల్ల కిటికీ కిందికి తనే జరిపి వెళ్ళాడు.

గురువారానికి వెనకపలక సగాలు రెండూ సిద్ధమయ్యాయి. మెన్సియా అంచులకు జిగురు రాసి అతికి, తాళ్ళతో బిగించింది. మధ్యాహ్నానికి తాళ్ళు విప్పి, నడిమి అతుకు మీద వేసే పట్టీ కోసం చుట్టూ చూసింది. తర్వాత రవికలోంచి నకలు కాగితం తీసి బల్ల మీద పరిచింది. సూది పని చేసుకుంటూ పక్కన కూచున్న ఎల్విరా తల్లి తలెత్తింది.

"అయ్యో, అది కత్తిరిస్తావా? దాచుకోవాల్సిన కాగితం."

"దాచుకోవడానికే తల్లీ."

కొలబద్ద పెట్టి, తన పేరున్న వరుస మొదలుకుని 'వేరే లోపం లేదు' దాకా, కింద రెండు సంతకాలతో సహా, ఒకే పట్టీగా కోసింది. అక్షరాలు పైకి కనపడేలా వెనక వైపు జిగురు పూసింది.

"లోపల ఎవరు చూస్తారమ్మా?" అంది ఎల్విరా తల్లి, మనసొప్పక.

"ఎవడో ఒకడు చూస్తాడు. ఎప్పటికో అప్పటికి బల్తసార్ మేస్త్రీ లాంటివాడు పువ్వు చింపి చూడకపోడు," అంది మెన్సియా. పట్టీని అతుకు మీద పరిచి, జిగురు పట్టేదాకా బొటనవేలితో అదిమి పట్టుకుంది.